బ్రిక్ లేన్ ప్రార్థనా మందిరం

తూర్పు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో బ్రిక్ లేన్, ఫూర్నియే వీధి కలిసే మూలన ఉన్న ఇటుక కట్టడం. 1685లో ఫ్రాన్సు రాజు మతస్వేచ్ఛను రద్దు చేయడంతో శరణార్థులై వచ్చి, ఇక్కడ పట్టు నేసి బతికిన హ్యూగెనో ప్రొటెస్టెంట్ల సమూహం దీన్ని 1743లో చర్చిగా కట్టుకుంది. 1819లో మెథడిస్టులకు, 1898లో తూర్పు యూరపు యూదులకు, 1976లో బంగ్లాదేశీ ముస్లింలకు ఇది ప్రార్థనాస్థలమైంది. నేడు బ్రిక్ లేన్ జామే మసీదు.

ఈ వరుస చూసి, అద్దెలూ కూలిపనులే జనాన్ని తెచ్చాయి, తీసుకుపోయాయి, మందిరం వారి వెంట మారిందంతే అనేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు: రేవుకు దగ్గర, ఇళ్లు చవక, కుట్టుపని దొరికేది. యూదులు స్థితిమంతులై ఉత్తర లండన్ శివార్లకు తరలాకే ఇక్కడి సినగాగు, అంటే వారి ప్రార్థనా మందిరం, ఖాళీ అయింది. అయితే కూలి దొరికినచోటల్లా పేట ఏర్పడదు. కొత్తగా దిగినవారికి చిరునామా, పిల్లలకు మతవిద్య, పని చూపే పరిచయాలు ఒక్కచోట దొరికింది ఇలాంటి మందిరాల్లోనే. శనివారం విశ్రాంతి పాటించే యూదుల వల్ల ఇక్కడి ఆదివారపు సంత బలపడింది. పేట వారపు లయనే ఒక ప్రార్థనా సమూహం మార్చింది. ఆ సమూహం వెళ్లిపోయినా సంత నిలిచింది. కనుక వలస సమూహాలను నగరానికి అతిథులుగా కాక, దాన్ని కట్టినవారిగా లెక్కించడమే న్యాయం.