కోడిపెట్ట బుద్ధి, బట్టమేక బతుకు

“మగోడు ఆబోతు మాదిరి. నాలుగు చేలు మేసినా ఇంటికే వస్తాడు. కోడిపెట్టను సూడు, గద్దొచ్చినా పిల్లల్ని ఇడిసిపెట్టి పోదే! నీకా మాత్రం బుద్ధి ల్యాకపాయనా?”

మొగుడి దెబ్బలు తాళలేక పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి కర్నూలు, కడప పల్లెల్లో పెద్దమనుషులు చెప్పే సుద్దులు ఇలాగే ఉంటాయి. మగవాడికో జంతువు, ఆడదానికో జంతువు పంచేసి లేస్తారు. పొగరెక్కిన ఎద్దుకి ముక్కుతాడు వేస్తారన్న సంగతి మాత్రం ఆ పంచాయితీలో ఎవరికీ గుర్తురాదు.

చదువురాని వాళ్ళ మాటలని నవ్వి ఊరుకోవడానికి లేదు. జంతువుల ప్రవర్తననీ మనుషుల ప్రవర్తననీ పక్కపక్కన పెట్టి చూసిన మనస్తత్వశాస్త్రం కూడా మొదట్లో ఇలాంటి పంపకాలే చేసింది. డార్విన్ అనుచరుడు జార్జ్ రోమనెస్ 1882లో జంతువుల తెలివితేటల మీద పెద్ద పుస్తకం రాశాడు. కుక్కలకీ పిల్లులకీ అంత ఉదారంగా తెలివిని పంచిన ఆయనే, ఆడవాళ్ళ మెదడు సగటున ఐదు ఔన్సులు తక్కువ తూగుతుంది కాబట్టి వాళ్ళ బుద్ధి కూడా తక్కువేనని 1887లో వ్యాసం రాశాడు.

ఈ రంగంలోకి మార్గరెట్ వాష్‌బర్న్ వచ్చింది. ఆడపిల్లన్న కారణంతో కొలంబియా విశ్వవిద్యాలయం ఆమెను మామూలు విద్యార్థిగా చేర్చుకోలేదు, పాఠాలు విని పొమ్మంది. ఆమె కార్నెల్‌కి వెళ్ళి 1894లో డాక్టరేట్ తెచ్చుకుంది. మనస్తత్వశాస్త్రంలో ఆ పట్టా అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1908లో వచ్చిన ‘ది యానిమల్ మైండ్’లో, జంతువు మనసులోకి మనం నేరుగా తొంగిచూడలేమనీ మన అనుభవంతో పోల్చుకుని ఊహించడమే మనకున్న దారి అనీ ఒప్పుకుంది. నేను అక్కడ ఆగిపోతాను. ‘మన’ అనుభవమంటే ఎవరిది?

మా సీమలోనే చూద్దాం. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు గడ్డిభూములు బట్టమేక పిట్టకి పేరుపడ్డవి. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు అక్కడ దాని తీరుతెన్నులు పరిశీలించారు. 1988లో ఆ చోటుని అభయారణ్యంగా ప్రకటించారు. వానలు మొదలైతే మగపిట్ట మెడకింది సంచిని గాలితో నింపుకుని, తోక విప్పి, దూరానికి వినపడేలా గంభీరంగా కూస్తుంది. దాని కొలువంతా ఆరుబయటే. ఫోటోల్లో ఎక్కువగా కనపడేది అదే. ఆడపిట్ట వస్తుంది, చూస్తుంది, తనకి నచ్చినదానితో జతకడుతుంది, వెళ్ళిపోతుంది. తర్వాత నేలమీదే ఒక గుడ్డు పెడుతుంది. పొదగడం, పిల్లని సాకడం ఒంటరిగా దాని పనే. మగపిట్ట అటు తొంగికూడా చూడదు. గడ్డిరంగులో కలిసిపోయి గుడ్డుమీద కూచున్న ఆ తల్లిని కనిపెట్టడం కష్టం.

పెద్దమనుషులకి ఈ పిట్టనిస్తే ఏమంటారు? “సూడు, సాకడం ఆడదాని పనే” అంటారు. ఆడపిట్ట ఎంచుకుంటుందన్న మొదటి భాగాన్ని వదిలేస్తారు. డార్విన్ 1871లోనే ఆడజీవాల ఎంపిక గురించి రాస్తే, ఆయన సహచరుడు వాలెస్ కూడా దాన్ని ఒప్పుకోలేకపోయాడు. ఆడజీవానికి ఇష్టాయిష్టాలుంటాయన్న మాట శాస్త్రానికి మింగుడు పడడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

అలా మింగుడు పడేలా చేసిన వాళ్ళలో సారా హర్డీ ఒకరు. 1970ల్లో రాజస్థాన్‌లోని ఆబూకొచ్చి కొండముచ్చుల్ని చూసింది. మన నల్లమలలో, అహోబిలం దారిలో కనపడే కొండముచ్చులకి అవి దగ్గరి చుట్టాలే. కొత్తగా గుంపుని ఆక్రమించిన మగది పసికూనల్ని చంపుతుందనీ, ఆడవి చేతులు కట్టుకు కూచోవనీ, కలిసి ఎదిరిస్తాయనీ, పలు మగవాటితో జతకట్టి తండ్రెవరో తేలకుండా చేస్తాయనీ ఆమె రాసింది. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. కొండముచ్చు తల్లి పుట్టిన పిల్లని తన ఒళ్ళోనే కట్టేసుకోదు. గుంపులోని ఆడవన్నీ చేతులు మార్చుకుంటూ ఎత్తుకుంటాయి. తల్లి ఆ కాసేపు తాపీగా మేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకెంత సంబరమో! ఆ పెద్దమనుషుల ముందు కోడిపెట్టకి పోటీగా కొండముచ్చుని నిలబెట్టాలనిపించింది. తీరా చూస్తే నేను చేస్తున్నదీ వాళ్ళ పనే. నాకు పనికొచ్చే జంతువుని నేనూ ఏరుకున్నాను. కూనల్ని చంపే మగకొండముచ్చుని చూపించి, సవతి తండ్రి దౌర్జన్యం సహజమేనని రేపెవరైనా అంటే? పుట్టింటికొచ్చిన ఆ పిల్ల దెబ్బలకి జవాబు కోడి దగ్గరా లేదు, కొండముచ్చు దగ్గరా లేదు. ఒంటిమీది వాతల గురించి ఆమెనే అడగాలి. పంచాయితీలో ఆ ప్రశ్న తప్ప అన్నీ అడుగుతారు.

రోళ్ళపాడు 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. చుట్టూ కాలవనీళ్ళు పారి, గడ్డిబీళ్ళు పైర్లయ్యాయి. కొన్నేళ్ళుగా అక్కడ బట్టమేక కనపడడమే గగనమైంది. దేశంలో మిగిలినవి నూటయాభైకి అటూఇటూ, ఎక్కువ భాగం జైసల్మేర్ వైపే. కొలువుదీరిన మగపిట్టల్లో ఆడపిట్ట ఏం చూసి ఒకదాన్ని ఎంచుకునేదో, ఎందరిని కాదని వెళ్ళిపోయేదో, రోళ్ళపాడు గడ్డిలో కూచుని చూడటానికి మనకిప్పుడు పిట్ట లేదు.