ఏటి ఒడ్డున బంతాట: బ్రంటన్ పార్క్ వరదల చరిత్ర

ఇంగ్లండు వాయవ్య మూలన, స్కాట్లండు సరిహద్దుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్లైల్ నగరంలో మూడు నదులు కలుస్తాయి. పెద్దది ఈడెన్. కాల్డ్యూ, పెటెరిల్ దానికి ఉపనదులు. పేరుకు నదే గానీ పెటెరిల్ మామూలు రోజుల్లో వాగును తలపిస్తుంది. అది ఈడెన్‌లో కలిసే చోటికి కాస్త ఎగువన, వారిక్ రోడ్డు పక్క పల్లంలో, కార్లైల్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం బ్రంటన్ పార్క్ ఉంది. ఒక వైపు గ్యాలరీని చాలాకాలం వాటర్‌వర్క్స్ ఎండ్ అనేవారు. ఇప్పుడు పెటెరిల్ ఎండ్ అంటున్నారు. ఏ పేరుతో పిలిచినా నీటి ఊసు తప్పలేదు.

రోమన్ల కాలం నుంచీ ఊరు మెరక మీదే పెరిగింది. కోట, కేథడ్రల్ రెండూ ఎత్తున ఉన్నాయి. ఏటి పక్క నేలను పశువుల మేతకు వదిలేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు, మిల్లులు వచ్చి జనం పెరిగాక ఇళ్లు పల్లంలోకి దిగాయి. ఫుట్‌బాల్ క్లబ్బులు పుట్టిందీ ఆ తరువాతే. వాటికి కావలసింది చదునుగా, విశాలంగా, ఊరికి నడక దూరంలో ఉండే నేల. ఇల్లు కట్టేవాడు వెనకాడే ముంపు భూమి ఈ మూడింటికీ సరిపోతుంది, పైగా చవక. బ్రిటన్‌లో ఎన్నో పాత మైదానాలు ఏటి ఒడ్డునో, రైలు కట్ట పక్కనో ఉండడానికి కారణం ఇదే. చవకగా వచ్చిన ఆ నేలకు అసలు ధర ఎంతో కార్లైల్‌కు నూరేళ్ల తరువాత గానీ తెలిసిరాలేదు.

క్లబ్ ఈ పేరుతో 1904లో మొదలై, 1909లో బ్రంటన్ పార్క్‌కు వచ్చింది. 1928లో ఫుట్‌బాల్ లీగ్‌లో చోటు దక్కించుకుంది. తరువాతి రోజుల్లో లివర్‌పూల్‌ను మహా క్లబ్‌గా మలచిన బిల్ షాంక్లీ మేనేజరుగా మొదట పనిచేసింది ఇక్కడే, 1949 నుంచి 1951 వరకు. 1953లో ప్రధాన గ్యాలరీ కాలిపోయింది. కొత్తది కట్టే ఖర్చు కోసం జెఫ్ ట్వెంటీమన్ అనే మంచి ఆటగాణ్ని లివర్‌పూల్‌కు అమ్ముకోవలసి వచ్చింది. చిన్న క్లబ్ ఆర్థిక స్థితి ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు: కప్పు పోతే తిరిగి వేసుకోవడానికి మనిషిని అమ్ముకోవాలి. 1974 ఆగస్టులో ఇదే క్లబ్ దేశంలోకెల్లా పై డివిజన్‌కు చేరి, మొదటి మూడు ఆటలూ గెలిచి, పట్టికలో అందరికన్నా పైన నిలిచింది. ఆ సీజను ముగిసేసరికి అట్టడుగుకు వచ్చి కింది డివిజన్‌కు దిగిపోయింది. ఆ తరువాత పతనం ఎక్కువ, నిలకడ తక్కువ. 1999 మే 8న ఆట అదనపు సమయంలో, అరువుకు తెచ్చుకున్న గోల్‌కీపర్ జిమ్మీ గ్లాస్ ముందుకు పరుగెత్తి కొట్టిన గోలుతో లీగ్‌లో చోటు దక్కింది. 2002లో క్లబ్ అప్పుల వల్ల అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వాహకుల చేతికి, వెళ్లింది, 2004లో లీగ్ నుంచే జారిపోయింది. డెబ్బై ఆరేళ్ల సభ్యత్వం పోయిన ఎనిమిది నెలలకు వరద వచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

2005 జనవరి 7 రాత్రి మొదలైన గాలివాన ఎనిమిదో తేదీ తెల్లవారేసరికి మూడు నదులనూ పొంగించింది. అప్పటికే నేల తడిసి ముద్దై ఉండడంతో కొండల మీద పడిన చుక్క పడ్డట్టే ఏటిలోకి వచ్చింది. ఈడెన్ నిండుగా పారుతున్నప్పుడు పెటెరిల్ నీటికి పోయే దారి ఉండదు. పెద్ద నది నీరు ఎగదన్ని చిన్న నదిని వెనక్కి నెట్టుతుంది. వారిక్ రోడ్డు, దాని చుట్టుపక్కల వీధులు మునిగింది అలాగే. కార్లైల్‌లో 1822 నాటి వరద మట్టమే అంతవరకు పెద్దదని లెక్క. ఆ గుర్తు ఆ రోజు చెరిగిపోయింది. ముగ్గురు చనిపోయారు. దాదాపు 1,800 ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు మునిగాయి. పోలీసు స్టేషన్, అగ్నిమాపక కేంద్రం కూడా నీటి పాలయ్యాయి. ఊరికి కరెంటు పోయింది.

బ్రంటన్ పార్క్‌లో నీరు గోల్‌పోస్టు అడ్డకర్ర దాకా వచ్చింది. నేల నుంచి అడ్డకర్ర ఎత్తు ఎనిమిది అడుగులు. ఎంత పొడవాటి గోల్‌కీపరైనా ఎగరకుండా తల తగిలించుకోలేని ఎత్తు అది. నాటి ఫొటోల్లో మైదానం ఒక చెరువు. దాని మీద తేలుతున్న తెల్లని గీత ఒక్కటే అక్కడ ఆట జరిగేదని చెబుతుంది.

వరద నీరు తీశాక మిగిలేది ఉత్త తడి అయితే బాధ లేదు. ఒండ్రు మిగులుతుంది. మన మాగాణుల్లో ఒండ్రు వరం. ఫుట్‌బాల్ మైదానానికి అదే శాపం. ఆట మైదానాల పై పొరలో ఇసుక పాలు ఎక్కువ ఉంచుతారు. వాన నీరు గబగబా ఇంకి, కింద వేసిన గొట్టాల్లోంచి బయటికి పోవాలని ఆ ఏర్పాటు. మెత్తని ఒండ్రు వచ్చి ఆ ఇసుక సందులను పూడ్చేస్తుంది. గడ్డి వేళ్లకు గాలి ఆడదు, నాలుగు రోజుల్లో పసుపుబారి కుళ్లుతుంది. వరదతో పాటు మురుగు కాలువల నీరు, ఇళ్లలోని నూనెలు, డీజిలు కలిసి వస్తాయి కాబట్టి, ఆటగాడు జారి మోకాలు గీసుకుపోతే పుండు పడే ప్రమాదం ఉంది. అందుకే చివరకు పై పొరంతా గీకి పారేసి కొత్త పచ్చిక పరచవలసి వస్తుంది. గ్యాలరీ కింది అంతస్తు కథ వేరు. టికెట్ల గది, దుస్తుల గదులు, వంటగది, బాయిలరు, కరెంటు బోర్డులు, క్లబ్ దుకాణం, ఆఫీసు కాగితాలు, అన్నీ నేల మట్టానే ఉంటాయి. గోడల లోపలి పూత రాలగొట్టి, యంత్రాలు పెట్టి వారాల తరబడి ఆరబెట్టాలి.

క్లబ్ కొన్ని వారాల పాటు సొంత ఇంటికి దూరమైంది. నూరు కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న మోర్‌కంలో, అక్కడి క్రిస్టీ పార్క్ అద్దెకు తీసుకుని ‘సొంత’ ఆటలు ఆడింది. ఊళ్లో చర్చ మరో దారి పట్టింది. 1525లో గ్లాస్గో ఆర్చిబిషప్ గావిన్ డన్‌బార్ సరిహద్దు దోపిడీ ముఠాలను శపిస్తూ పెద్ద శాపనామా చదివించాడు. 2001లో గోర్డన్ యంగ్ అనే కళాకారుడు అందులోని మాటలను 14 టన్నుల రాతి మీద చెక్కగా, నగరంలో కోటకు వెళ్లే భూగర్భ దారిలో దాన్ని నిలిపారు. ఆ ఏడే పశువులకు గాళ్లు వచ్చి ఆ ప్రాంతమంతా నాశనమైంది. తరువాత క్లబ్ లీగ్ నుంచి జారింది, వరద వచ్చింది. రాయే కారణమని, దాన్ని పగలగొట్టాలో, ఊరి బయట పారేయాలో తేల్చమని 2005 మార్చిలో నగర మండలిలో తీర్మానం పెట్టారు. అది వీగిపోయింది. ఊరి కష్టాల చిట్టాలో మహమ్మారి, వరదల సరసన ఫుట్‌బాల్ ఓటమినీ చేర్చారంటే, ఆ క్లబ్ జనానికి ఏమవుతుందో తెలుస్తుంది.

నష్టం లెక్క గట్టడంలో జనం సాధారణంగా మరిచిపోయేది ఆగిన రాబడి. కింది డివిజన్లలో టీవీ డబ్బు స్వల్పం. ఆట రోజున గేటు దగ్గర వచ్చే టికెట్టు డబ్బు, తిండి, బీరు అమ్మకాలు, అతిథి గదుల బుకింగులు, కండువాలు, చొక్కాల అమ్మకం, వీటి మీదే జీతాలు గడుస్తాయి. మైదానం మూతపడితే ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. పరాయి ఊళ్లో ఆడితే అద్దె, బస్సుల ఖర్చు అదనం, వచ్చే జనం తక్కువ. ఆటగాళ్ల జీతం మాత్రం ఆగదు. బీమా గోడలకు, పచ్చికకు పరిహారం ఇస్తుంది, అదీ ఆలస్యంగా. ఆగిన రాబడికి వేరే పాలసీ కావాలి.

అయినా 2005లో కార్లైల్ నిలదొక్కుకుంది. యజమాని ఫ్రెడ్ స్టోరీ స్థానిక గృహ నిర్మాణ వ్యాపారి, మేనేజరు పాల్ సింప్సన్ ఆ ఊరివాడే. మే 14న స్టోక్‌లో జరిగిన ప్లే-ఆఫ్ ఫైనల్లో స్టీవనేజ్‌ను 1-0తో ఓడించి క్లబ్ లీగ్‌లోకి తిరిగి వచ్చింది. మరుసటి ఏడు లీగ్‌లో అట్టడుగు డివిజన్ అయిన లీగ్ టూ విజేతగా నిలిచింది. ప్రభుత్వం 3.8 కోట్ల పౌండ్ల ఖర్చుతో నగరం చుట్టూ గోడలు, కరకట్టలు కట్టి 2010కి పూర్తి చేసింది. ఇక భయం లేదని ఊరు నమ్మింది.

2015 డిసెంబరు 5న డెస్మండ్ తుపాను వచ్చింది. లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లోని హానిస్టర్ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది. బ్రిటన్‌లో ఒక్క రోజులో ఇంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. ఈడెన్ 2005 మట్టాన్ని సుమారు 60 సెంటీమీటర్లు దాటింది. కరకట్టలు తెగలేదు, నీరే వాటి మీదుగా పొర్లింది. ఒకసారి లోపలికి వచ్చిన నీటికి ఆ కట్టలే అడ్డమై, మైదానం గిన్నెలా నిండిపోయింది. గోల్‌పోస్టులు మళ్లీ మునిగాయి. నీరు దిగాక గోలు ముందు పచ్చికలో బతికున్న బంగారు చేప ఒకటి దొరికింది. ఎవరి ఇంటి తొట్టిలోంచో, తోట కొలనులోంచో కొట్టుకొచ్చిన చేప అది.

ఆ వారాంతం జట్టు లండన్ దగ్గర వెల్లింగ్‌లో ఎఫ్.ఏ. కప్ ఆటకు వెళ్లి ఉంది. 5-0తో గెలిచి, ఆడడానికి మైదానం లేని ఊరికి తిరిగి వచ్చింది. తరువాతి రోజుల్లో ఆటగాళ్లు, సిబ్బంది వారిక్ రోడ్డు వీధుల్లోకి వెళ్లారు. తడిసిన సోఫాలు, తివాచీలు, వంటింటి బీరువాలు మోసి వాకిట్లో కుప్పలు వేశారు. శనివారం గ్యాలరీ నుంచి తమను కేకలేసి పిలిచే మనుషుల ఇళ్లే అవి. ఈ క్లబ్ చరిత్రలో గెలిచిన కప్పులకన్నా ముందు రాయవలసిన సంగతి ఇది.

ఈసారి ‘సొంత’ ఆటలు మూడు ఊళ్లకు చెదిరాయి. ప్రెస్టన్‌లోని డీప్‌డేల్, బ్లాక్‌బర్న్‌లోని ఈవుడ్ పార్క్, బ్లాక్‌పూల్‌లోని బ్లూమ్‌ఫీల్డ్ రోడ్ ఆశ్రయం ఇచ్చాయి. కొత్త పచ్చిక పరిచాక, 2016 జనవరి 31న ఎఫ్.ఏ. కప్ నాలుగో రౌండులో ఎవర్టన్ బ్రంటన్ పార్క్‌కు వచ్చింది. 17 వేలకు పైగా జనం నిండారు. 3-0తో ఓడినా, రెండు నెలలుగా రాబడి దెబ్బతిన్న క్లబ్‌కు ఆ ఒక్క మధ్యాహ్నపు గేటు డబ్బు ఊపిరి పోసింది.

అయితే రెండో వరద మిగిల్చిన అసలు సమస్య బీమా. పదకొండేళ్లలో రెండుసార్లు మునిగిన ఆస్తికి వరద బీమా ఇవ్వడానికి ఏ సంస్థ ముందుకొస్తుంది? వచ్చినా ప్రీమియం, మొదట సొంతంగా భరించవలసిన మొత్తం, రెండూ చిన్న క్లబ్ మోయలేనంత అవుతాయి. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్‌లో ‘ఫ్లడ్ రీ’ పథకం మొదలైంది. ముంపు ప్రాంతాల వారికి అందుబాటు ధరలో బీమా దొరికేలా చేయడం దాని పని. అది నివాస గృహాలకే వర్తిస్తుంది, వ్యాపారాలకు కాదు. చట్టం దృష్టిలో ఫుట్‌బాల్ క్లబ్ ఒక కంపెనీ. వారిక్ రోడ్డులో ఇంటికి ఆ పథకం అందితే, అదే రోడ్డులో అదే నీటిలో మునిగిన మైదానానికి అందలేదు. ఊరి ఉమ్మడి ఆస్తిలా బతికే సంస్థను దుకాణంతో కలిపి లెక్కించడం న్యాయం కాదు.

వదిలి వెళ్లిపోవడం ఒక దారి. ష్రూస్‌బరీ టౌన్ ఆ పనే చేసింది. సెవెర్న్ నది ఒడ్డున గే మెడోలో ఆ క్లబ్ 1910 నుంచి ఆడింది. బంతి గ్యాలరీ దాటి నదిలో పడితే ఫ్రెడ్ డేవీస్ అనే ఆయన పుట్టి వేసుకుని వెళ్లి తెచ్చేవాడు. మన తుంగభద్ర మీద తిరిగే గుండ్రని పుట్టికి దగ్గరి చుట్టం ఆ పడవ. ఏళ్ల తరబడి ఆ ఊరికి అదొక గుర్తుగా ఉండేది. 2007లో క్లబ్ ఊరి శివార్లలో కొత్త స్టేడియానికి మారి, పాత నేలను ఇళ్ల కోసం అమ్మింది. కార్లైల్ కూడా 2011లో నగరానికి ఉత్తరాన కింగ్‌మూర్ దగ్గర కొత్త స్టేడియం కట్టుకుంటామని ప్రకటించింది. అది కాగితం దాటలేదు. ముంపు నేలను అమ్మితే కొత్త స్టేడియానికి తగినంత డబ్బు రావడం కష్టం. నది వెళ్లిపొమ్మంటుంది, నేల ధర వెళ్లనివ్వదు.

అసంపూర్తి కలల ఆనవాలు బ్రంటన్ పార్క్‌లోనే ఒకటి ఉంది. 1990లలో యజమాని మైకేల్ నైటన్ మైదానాన్నే ఒక పక్కకు జరిపి స్టేడియాన్ని పెంచాలనుకున్నాడు. 1996లో తూర్పు గ్యాలరీని ఆ లెక్కన కట్టించాడు. మైదానం జరగలేదు. గ్యాలరీ ఒక కొస ఇప్పటికీ గోలు గీతను దాటి పొడుచుకు వచ్చి ఉంటుంది.

2015 తరువాత పెటెరిల్, ఈడెన్ వెంట కట్టలను విడతలవారీగా ఎత్తు పెంచారు. 2017 నుంచి క్లబ్ రోజువారీ ఖర్చులకు ఒక వస్త్ర వ్యాపార సంస్థ నుంచి తెచ్చిన అప్పు మీద ఆధారపడింది. అమెరికాకు చెందిన పియాటక్ కుటుంబం 2023 నవంబరులో క్లబ్‌ను కొన్నాక ఆ పాత అప్పు తీరింది. 2025లో జట్టు మరోసారి లీగ్ నుంచి జారింది. సొంత ఆటలు మాత్రం ఇప్పటికీ వారిక్ రోడ్డు పక్కన, 1909లో చవకగా దొరికిన ఆ పల్లపు నేల మీదే జరుగుతున్నాయి.