భూపేన్ ఖఖ్ఖర్ చిత్రాల్లో మనిషి దేహం

భూపేన్ ఖఖ్ఖర్ (1934–2003) చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. బొంబాయిలోని గుజరాతీ కుటుంబంలో పుట్టాడు. 1962లో బరోడా వెళ్లి అక్కడి లలితకళల ఫ్యాకల్టీలో చేరాడు. అదీ కళావిమర్శ కోర్సులో. బొమ్మలు వేయడం మాత్రం సొంతంగా నేర్చుకున్నదే. చాలా ఏళ్లు ఒకపూట పద్దులు రాసి, మిగిలిన పూట కుంచె పట్టాడు. ఆయన గీసిన మనుషుల కొలతలు కుదరవు, చేతులు మొద్దుగా ఉంటాయి. ఆ మొద్దుతనాన్ని దిద్దుకోకపోవడమే ఆయన తెలివి. ఆధునిక భారతీయ చిత్రకళ అంతగా పట్టించుకోని శరీరాలు ఆ సందులోంచే లోపలికి వచ్చాయి.

మొదట్లో బజారులో అమ్మే దేవుడి పటాలు కత్తిరించి అతికిస్తూ కొల్లాజ్‌లు చేశాడు. తర్వాత చూపు వీధి మీదికి మళ్లింది. ‘జనతా వాచ్ రిపేరింగ్’, ‘డీలక్స్ టైలర్స్’ రెండూ 1972 నాటివి. అంతకుముందు రాజులకూ జమీందార్లకూ దక్కిన తైలవర్ణ చిత్రం గడియారాలు బాగుచేసేవాడికీ దర్జీకీ దక్కింది. వాళ్లను చూసి జాలిపడమని ఆయన అడగడు. పనిలో ఉన్న మనిషిని ఉన్నచోటే కూర్చోబెట్టి గీస్తాడు, అంతే.

తన శరీరం దగ్గరికి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. తాను పురుషులను ప్రేమిస్తానన్న సంగతిని ఆయన ఏళ్ల తరబడి దాచుకున్నాడు. 1979లో ఇంగ్లండులో కొన్నాళ్లు పాఠాలు చెప్పి వచ్చాడు. ఆ తర్వాత, తల్లి కూడా పోయాక, 1981లో ‘అందరినీ మెప్పించలేం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు పేరుతో పెద్ద చిత్రం వేశాడు. అందులో బాల్కనీలో ఒక మనిషి నగ్నంగా, మనకు వీపు పెట్టి నిలబడి ఊరికేసి చూస్తుంటాడు. కింద వీధిలో తండ్రీ కొడుకులూ గాడిదా నడుస్తుంటారు. ఎక్కినా తప్పు, దిగినా తప్పు అనిపించుకున్న ఆ కథ మన పిల్లలకూ తెలిసిందే. లోకం మాటకు తలొగ్గితే ఏమవుతుందో బట్టల్లేని ఆ మనిషి పైనుంచి చూస్తున్నాడు. లండన్ టేట్ సంస్థ తర్వాత ఈ చిత్రాన్ని సేకరించింది. 2016లో టేట్ మోడర్న్‌లో జరిగిన ఖఖ్ఖర్ ప్రదర్శనకు పెట్టిన పేరూ ఇదే. ఆ ప్రదర్శనను ఒక బ్రిటిష్ పత్రిక విమర్శకుడు ఎద్దేవా చేస్తే మన కళాకారులు గట్టిగానే బదులిచ్చారు. చిత్రం పేరు మరోసారి రుజువైంది!

1982లో ‘బెనారస్‌లో ఇద్దరు పురుషులు’ వచ్చింది. స్వలింగ సంబంధం అప్పటికి మన దేశంలో నేరం. సుప్రీంకోర్టు దాన్ని నేరాల జాబితాలోంచి తీసింది 2018లో. ప్రేమ అనగానే అందగాళ్లను గీయడం ఆయనకు చేతకాదు. ఆయన ప్రేమికుల్లో చాలామందిది నెరిసిన జుట్టు, జారిన పొట్ట. 1987 నాటి ‘యయాతి’ మరీ సాహసం. భారతకథలో తండ్రికి యౌవనం ఇచ్చేది కొడుకు పూరుడు. ఇక్కడ ముసలివాడి మీదికి వంగేది రెక్కలున్న ఓ యువకుడు.

చివరి ఏళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. అందరూ దాచుకునే రోగాన్ని కూడా ఆయన గోడకెక్కించాడు: చీలిన పొట్టలు, నెత్తురు, మలవిసర్జన బాధ. 1999 నాటి ఒక చిత్రానికి ‘రోజు చివర ఇనుప దిమ్మెలు బయటపడ్డాయి’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. సాయంత్రం చిట్టా మూసేముందు గుమాస్తా రాసుకునే పద్దులా ఉంటుందది.