రేకు డెవలప్‌మెంట్ చరిత్ర: ఆదోని పత్తి మిల్లు నుంచి క్యాడ్ తెర వరకు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రాశులు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పత్తి జిన్నింగ్ మిల్లులోకి వెళ్లాక ఏ దారిన పోతుందో ఎప్పుడైనా గమనించారా? తొట్టి, గొట్టం, మలుపు, దుమ్మును వేరుచేసే శంకువు ఆకారపు సైక్లోన్: ఇవన్నీ రేకుతో చేసినవే. చరిత్ర పుస్తకాలు జిన్నుల గురించి రాస్తాయి కాని వాటిని కలిపే రేకును పట్టించుకోవు. ఈ పాఠంలో ఆ లోటు కొంత తీర్చుకుందాం.

రైలు, పత్తి, రేకు

1861-65 అమెరికా అంతర్యుద్ధ కాలంలో భారతీయ పత్తికి గిరాకీ పెరిగింది. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. గుంతకల్లు, రాయచూరుల మధ్య ఉన్న ఆదోనికి రెండు రేవులకూ దారి ఏర్పడింది. అప్పట్లో ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలోనివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా మన వైపు వచ్చింది. 2000లో కేంద్రం ప్రారంభించిన పత్తి టెక్నాలజీ మిషన్‌లో జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల ఆధునికీకరణ ఒక భాగం. మనుషులు తట్టలతో మోసే పనిని గాలి గొట్టాలు, కన్వేయర్లు చేసే మిల్లులో రేకు పని సహజంగానే ఎక్కువ.

ఏ రేకు విప్పుకుంటుంది?

చదునైన రేకును సాగదీయకుండా వంచి ఏయే ఆకారాలు చేయవచ్చు? ఈ ప్రశ్నకు గణితంలో ఆయిలర్ 1772లో సమాధానం వెతికాడు. 1795లో పారిస్‌లో మాంజ్ చెప్పిన వర్ణనాత్మక జ్యామితి పాఠాలు దాన్ని ఇంజనీర్ల డ్రాయింగ్ బల్ల మీదికి తెచ్చాయి. స్తూపం, శంకువు విప్పుకుంటాయి, గోళం విప్పుకోదు. బత్తాయి తొక్కను బల్లమీద పరచి చూడండి, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది.

రేకు మేస్త్రికి ఆయిలర్ పేరు తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. 300 మి.మీ. వ్యాసార్ధం, 750 మి.మీ. ఏటవాలు ఎత్తు ఉన్న శంకువు కావాలంటే 750 వ్యాసార్ధంతో రేకుమీద చాపం గీస్తాడు. అందులో 360 × 300 ÷ 750, అంటే 144 డిగ్రీల ముక్క కోస్తాడు. అతుకు కోసం అంచున కొంత వదులుతాడు. గొట్టాల అతుకులో పై అంచు పత్తి ప్రవహించే వైపుకే ఉండేలా చూస్తాడు. లేకపోతే దూది అక్కడ చిక్కుకుని గొట్టం పూడుతుంది. ఈ చివరి విషయం ఏ సాఫ్ట్‌వేరూ మీకు గుర్తుచేయదు.

తెరమీద అదే చిక్కు

1963లో సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్, 1982లో ఆటోక్యాడ్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చాయి. గీత గీయడం సులువైంది, రేకు స్వభావం మాత్రం మారలేదు. చతురస్రపు తొట్టిని గుండ్రటి గొట్టానికి కలిపే భాగాన్ని గీసి, ఫ్లాట్ ప్యాటర్న్ అడిగితే తెరమీద ఎర్రటి దోషం కనిపిస్తుంది. విద్యార్థులు సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు. నిజానికి వాళ్లు రెండు ఆకారాలనూ మూసేసి ఉంటారు. మేస్త్రి అతుకు కోసం వదిలే చీలికే ఇక్కడా కావాలి. రెండు స్కెచ్‌లనూ ఒకే వైపు కొద్దిగా తెరిచి, చతురస్రపు మూలలకు చిన్న గుండ్రం ఇస్తే రేకు విప్పుకుంటుంది.

అంతకంటే ఖరీదైన దోషం మరొకటుంది. అది తెరమీద కనబడదు, రేకు కోశాకే బయటపడుతుంది. ఎమ్మిగనూరులో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. అక్కడి నేతగాళ్లను అడగండి: పది గజాల బట్టకు పది గజాల పడుగు చాలదు. పేక మీదుగా వంగుతూ పోయే నూలు కొంత పొడవు తినేస్తుంది. రేకు మడతలోనూ ఇలాంటి లెక్కే ఉంది. వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. మధ్యలో ఎక్కడో పొడవు మారని గీత ఒకటుంటుంది. లోపలి వైపు నుంచి ఆ గీత దూరాన్ని రేకు మందంతో భాగిస్తే వచ్చేదే కె-ఫ్యాక్టర్.

2 మి.మీ. రేకు, 2 మి.మీ. లోపలి వ్యాసార్ధం, 90 డిగ్రీల మడత తీసుకుందాం. కె విలువ 0.5 అయితే మడతకు పట్టే పొడవు 1.571 × (2 + 0.5 × 2), అంటే 4.71 మి.మీ. ప్రో-ఇంజనీర్ కుటుంబపు సాఫ్ట్‌వేర్‌లో మాత్రం వై-ఫ్యాక్టర్ వాడుక ఉంది. అక్కడ 0.5 అంటే కె విలువ 0.318 మాత్రమే, పొడవు 4.14 మి.మీ. తెరమీద అంకె ఒకటే, మడతకు తేడా 0.57 మి.మీ. నాలుగు మడతల పెట్టెలో అది 2.28 మి.మీ. అవుతుంది. బోల్టు రంధ్రాలు కలవవు. పత్తి సీజన్‌లో మిల్లు ఆగిందంటే నష్టం ఆ రేకు ఖరీదుతో పోదు.

గేజి మాట కూడా ఒకటి చెప్పాలి. బ్రిటన్ 1884లో చట్టబద్ధం చేసిన స్టాండర్డ్ వైర్ గేజిలో 16 గేజి అంటే 1.63 మి.మీ., అమెరికన్ ఉక్కు రేకు పట్టికలో 1.52 మి.మీ. మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది. అయినా దుకాణంలో ఇప్పటికీ గేజి లెక్కే వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోని గేజి పట్టికను నమ్మకండి, కాలిపర్‌తో మందం కొలిచి మిల్లీమీటర్లలో వేయండి.

మీరు చేసి చూడండి

దగ్గరలోని వర్క్‌షాపులో 2 మి.మీ. రేకును సరిగ్గా 100 మి.మీ. పట్టీగా కోయించండి. మధ్యలో 2 మి.మీ. లోపలి వ్యాసార్ధంతో 90 డిగ్రీలు వంచించండి. రెండు కాళ్ల బయటి కొలతలు కూడితే 103.5 వచ్చిందనుకుందాం. 8 లోంచి అదనపు 3.5 తీసివేయండి. మిగిలిన 4.5 ఆ మడతకు పట్టిన పొడవు. దాన్ని 1.571తో భాగించి, 2 తీసివేసి, మళ్లీ 2తో భాగిస్తే కె విలువ సుమారు 0.43 వస్తుంది. మీకు వచ్చిన విలువతో పాటు రేకు మందం, వాడిన మెషీన్, తేదీ కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. మెషీన్ మారితే ఈ ప్రయోగం మళ్లీ చేయవలసి ఉంటుంది.