తీగ చుట్టూ ప్రదక్షిణం

గుడిలో ప్రదక్షిణం ఎటు నుంచి ఎటు చేయాలో మనకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. దేవుడు మన కుడిచేతి వైపు ఉండాలి, అంతే. కరెంటు తీగ చుట్టూ కూడా ఇలాంటి ప్రదక్షిణం ఒకటి జరుగుతుందనీ, అది ఎటు తిరుగుతుందో తేల్చడానికి మహామహులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారనీ చెబితే, ‘‘దాంతో మా మిరపతోటకేం పనండీ?’’ అని నరసరావుపేట రైతు అడగవచ్చు. పని ఉంది. చిత్తగించండి.

1820 ఏప్రిల్‌లో కోపెన్‌హేగెన్ నగరంలో ఆయిర్‌స్టెడ్ అనే ఆచార్యుడు పాఠం చెబుతూ, కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ఉంచాడు. ముల్లు కదిలింది. కదలడం సరే, వింతంతా కదిలిన తీరులో ఉంది. ముల్లు తీగ వైపుకి రాలేదు, తీగ నుంచి పారిపోనూ లేదు. అడ్డం తిరిగింది! కరెంటును ఎదురు దిక్కుకు మార్చితే ముల్లూ రెండోవైపుకి మళ్లింది. అంతవరకు శాస్త్రజ్ఞులు ఎరిగిన బలాలన్నీ తిన్నగా లాగేవి, లేకపోతే తిన్నగా నెట్టేవి. ఈ కొత్త బలం మాత్రం గానుగెద్దులాగా చుట్టూ తిరుగుతోంది. జూలై 21న ఆయన ఈ సంగతి లాటిన్‌లో నాలుగు పేజీలు అచ్చువేయించి యూరపు పండితులకు పంపాడు.

సెప్టెంబరు 11న పారిస్‌లో అరాగో ఆ ప్రయోగం చేసి చూపించాడు. చూసినవారిలో ఆంపియర్ ఒకడు. సరిగ్గా వారం తిరిగేసరికి, 18వ తేదీన, తన ఆలోచనలతో సభ ముందు నిలబడ్డాడు. దిక్కు గుర్తుంచుకోవడానికి ఆయన చెప్పిన ఉపాయం మన కాలవల్లో ఈత నేర్చిన పిల్లలకు బాగా పడుతుంది. తీగలో కరెంటు వెంబడి ఒక మనిషి ఈదుతున్నాడనుకోండి. అతడు దిక్సూచి వైపు మొహం పెడితే, ముల్లు ఉత్తరపు కొన అతని ఎడమచేతి వైపు జరుగుతుంది. తర్వాత మాక్స్‌వెల్ పేరుతో మరమేకు సూత్రం వచ్చింది. ఇంకా తేలికైనది కుడిచేయి: బొటనవేలు కరెంటు దిక్కు చూపిస్తే, ముడిచిన వేళ్లు క్షేత్రం దిక్కు చూపిస్తాయి. పైనుంచి కిందికి కరెంటు దిగే తీగ చుట్టూ అచ్చం గుడిలో మాదిరి ప్రదక్షిణమే. కింది నుంచి పైకి ఎక్కితే అప్రదక్షిణం.

ఇక మిరపతోటకు వద్దాం. 1888లో టెస్లా పేటెంటు పొందిన మోటారులో, చుట్టల్లోని కరెంటు వంతులవారీగా పెరిగి తగ్గుతుంటే, వాటి క్షేత్రం గిరగిర తిరుగుతుంది. దాని వెంట ఇరుసూ తిరుగుతుంది. మన త్రీ ఫేజు మోటార్లు దాని సంతతే. 1967 ఆగస్టు 4న సాగర్ కాలవలకు నీళ్లు వదిలినా, ఆ నీరు ఎక్కని మెట్టచేలకు నేటికీ బోరే దిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు ఫేజుల వరస తారుమారైందంటే మోటారు ఉల్టా తిరుగుతుంది. చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. తోట పూతా పిందే మీద ఉంటుంది. కరెంటు ఉండేది కొన్ని గంటలు. ‘‘బోరు ఎండిపోయింది కాబోలు’’ అని గుండె గుభేలుమంటుంది. పక్కచేను కుర్రాడు వచ్చి, ‘‘ఏం కాలేదు బాబాయ్, రెండు ఫేజులు అటూ ఇటూ మార్చాలి’’ అంటాడు. నిజమే. రెండు తీగలు మారితే వంతుల వరస మారుతుంది, ప్రదక్షిణం దిక్కు మారుతుంది. అయితే మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టారో, తోటకన్నా విలువైనది పోతుంది. తెలిసినవాణ్ణి పిలవడమే క్షేమం.

రైతుకి తలనొప్పి అయిన ఈ ఉల్టా తిరుగుడే సాగర్ డ్యాం దగ్గర వరం. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలుంటే, ఏడు రెండువైపులా తిరగగలవి. ఒకవైపు తిరిగితే నీరు దిగి కరెంటు పుడుతుంది, రెండోవైపు తిరిగితే కరెంటు తిని నీటిని మళ్లీ పైకి ఎక్కిస్తాయి.

కోపెన్‌హేగెన్‌లో ముల్లు అడ్డం తిరిగిననాడు దాన్ని పొరపాటు అని తోసేయకుండా, ఎటు తిరిగిందో చూసినవాడు ఒకడున్నాడు. కనుకనే పల్నాటి మిరపకు, నల్లరేగడి పత్తికి ఈనాడు నీళ్లు అందుతున్నాయి.