మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో మనస్తత్వశాస్త్ర విద్య

మేడ్చల్, శామీర్‌పేట హైదరాబాదు ఉత్తర శివార్లలోని పట్టణాలు. మొదటిది 44వ జాతీయ రహదారిపై, రెండవది రాజీవ్ రహదారిపై ఉన్నాయి. శామీర్‌పేట వైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో ప్రారంభమైన బిట్స్ పిలానీ ప్రాంగణం ఉన్నా, అవి ప్రధానంగా న్యాయ, సాంకేతిక విద్యలకు చెందినవి. మనస్తత్వశాస్త్రం చదవదలచిన ఇక్కడి విద్యార్థి ముందు డిగ్రీ కళాశాలలో చేరి, ఆపై విశ్వవిద్యాలయానికి వెళ్ళడమే వాడుక.

అమెరికా పద్ధతితో భేదం

అమెరికాలో విద్యార్థి కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్ళు చదివి, ఆ క్రెడిట్లతో విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరవచ్చు. భారతదేశంలో 1995లో పాండిచ్చేరిలో మొదలైన కమ్యూనిటీ కళాశాలలు వృత్తి నైపుణ్యాలకు ఉద్దేశించినవి. పేరు ఒకటే గాని పని వేరు. క్రెడిట్ల బదిలీకి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడినా, ఇక్కడ సాధారణంగా డిగ్రీ పూర్తయ్యాకే విద్యార్థి విశ్వవిద్యాలయంలో అడుగుపెడతాడు.

డిగ్రీ చదువు

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. బి.ఏ.లో మనస్తత్వశాస్త్రం అన్ని కళాశాలలలోనూ లభించదు. కనుక ఐచ్ఛికాలు నమోదు చేసేటప్పుడు కళాశాల పేరుకన్నా సబ్జెక్టుల కూర్పును ముందు చూడాలి. ఇందులో ప్రయోగశాల పని కూడా ఉంటుంది. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం, అర్థరహిత పదాంశాలను కంఠస్థం చేయడం, ముల్లర్-లయర్ భ్రమ వంటివి ప్రసిద్ధ ప్రయోగాలు. ప్రత్యక్షం, అభ్యసనం, మూర్తిమత్వం వంటి తెలుగు పదాలు బి.ఎడ్. చదివినవారికి సుపరిచితాలే. తెలుగు మాధ్యమ విద్యార్థి వీటికి ఆంగ్ల పదాలను మొదటి ఏడే నేర్చుకుంటే మేలు, ఎందుకంటే పై చదువులో గ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి.

దూరవిద్యపై నిషేధం

డిగ్రీలో ఈ శాస్త్రం చదవనివారికి, ఉద్యోగస్తులకు చాలాకాలం దూరవిద్యే ఆధారం. ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం (2021) పరిధిలోకి వచ్చే మనస్తత్వశాస్త్రాన్ని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో బోధించరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025లో ఆదేశించింది. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుండి ఇది అమలైంది. దీనితో శివారు విద్యార్థికి తరగతి గదిలో ఈ సబ్జెక్టు ఉన్న కళాశాల దొరకడం మరింత ముఖ్యమైంది.

పై చదువు

ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర ప్రవేశానికి 'సీపీగెట్' పరీక్ష రాయాలి. ఎం.ఏ. పట్టాతోనే చికిత్సా మనస్తత్వవేత్త కావచ్చుననేది తరచు వినిపించే పొరపాటు. అందుకు భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, ఆ మండలిలో నమోదు అవసరం. బౌద్ధిక వైకల్యం గలవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేడ్చల్ దారిలోని బోయినపల్లిలోనే ఉంది.