నా నంబరు మీ కొట్లో సరుకు కాదు

మొన్నామధ్య పటమటలో ఓ బట్టల కొట్టుకెళ్ళా. బిల్లు కొట్టే కుర్రాడు నంబరు అడిగాడు, చెప్పేశా. ఇంక అప్పట్నించి పండగొచ్చినా పబ్బమొచ్చినా మెసేజీలే. మళ్ళీ వెళ్ళి 'నా నంబరు తీసెయ్యి బాబూ' అన్నా. 'మా చేతుల్లో లేదండీ, హెడ్డాఫీసోళ్ళు చూసుకుంటారు' అన్నాడు. హెడ్డాఫీసులో ఎవర్ని అడగాలో అతనికీ తెలీదు.

తప్పు ఆ కుర్రాడిది కాదు. ఎవరన్నా అలా అడిగితే ఏం చెయ్యాలో యజమాని నేర్పలేదు. చొక్కాల దాకా అయితే సరిపెట్టుకుందుం. కానీ ఇంటర్ రాసిన మన ఊరి పిల్లల నంబర్లు ముక్కూ మొహం తెలీనోళ్ళ చేతికి పోతన్నాయి. అందుకే ఇది తెలుసుకోవాలి.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆ తర్వాత ఆరేళ్ళకి, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారుల మీద పడే అసలు బాధ్యతలకి ఆ రూల్స్‌లో 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా.

మరి వ్యాపారి ఏం చెయ్యాలి?

ముందు, ఎవర్ని ఎలా అడగాలో అందరికీ కనపడేలా పెట్టాలి. మన దగ్గర ఏం వివరాలు తీసుకున్నాడో, వాటితో ఏం చేస్తన్నాడో, ఎవరెవరికి ఇచ్చాడో అడిగితే చెప్పాలి. తప్పుంటే దిద్దాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. తీసెయ్యమంటే తన కంప్యూటర్లో తీసేస్తే సరిపోదు, మెసేజీలు పంపే ఏజెన్సీ చేత కూడా తీయించాలి. ఫిర్యాదు వస్తే 90 రోజులు దాటకుండా తేల్చాలి. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. ఒప్పుకోలు కాగితం తెలుగులో కావాలంటే తెలుగులోనే చూపాలి.

అడిగింది అసలు మనిషేనా అని చూసుకోవాల్సిందే. అలాగని నంబరు తీసెయ్యడానికి ఆధార్ జిరాక్సు అడిగితే మాత్రం, ఒకటి తీయబోయి ఇంకోటి తగిలించుకున్నట్టే. ఆ నంబరుకి ఓ ఓటీపీ పంపితే చాలదా?

అన్నీ చెరిపెయ్యమనే హక్కు మనకీ లేదు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి బిల్లు ఉంటది. మెసేజీల జాబితాలో నంబరు ఉండక్కర్లేదు. ఈ తేడా వ్యాపారి విడమర్చి చెప్పాలి.

వీటిలో చాలా వాటికి, తప్పితే జరిమానా రూ.50 కోట్ల దాకా. భద్రత గాలికొదిలేసి డేటా పోగొడితే రూ.250 కోట్ల దాకా. కానీ ఆ డబ్బు సర్కారు ఖజానాకే పోద్ది, నష్టపోయినోడికి పైసా రాదు. పైగా మనం ఉత్తుత్తి ఫిర్యాదు పెడితే మనకీ రూ.10 వేల దాకా పడుద్ది. ఇదే చట్టం ఆర్టీఐలో 8(1)(జె)ని కూడా బిగించేసింది. ఆ మార్పుకి మాత్రం 18 నెలలు ఆగలేదు, 2025 నవంబరులోనే అమల్లోకి తెచ్చారు. ఇది నాకు మింగుడుపడట్లేదు.

2027 దాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. బిల్లుకి నంబరు ఇచ్చి తీరాలని కొట్లు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే చెప్పింది. లోన్ యాప్‌లు మీ కాంటాక్టులు, కాల్ లిస్టు జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే ఆదేశించింది. సిబిల్ లాంటి సంస్థ రిపోర్టు ఏడాదికొకటి ఉచితం. అందులో మీరు తియ్యని అప్పు కనపడితే దిద్దమని రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి రూ.100 మీకివ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ రూలుంది.

చూశారా, రోజుకి వంద అనగానే కంపెనీ కదులుద్ది. కొత్త చట్టంలోనూ నష్టపోయినోడికి ఇలాంటి లెక్కే ఉండాలని మనం అడగాలి. ఈలోపు ఏది అడిగినా రాసి అడగండి, తేదీ వెయ్యండి, స్క్రీన్‌షాట్ దాచండి. నోటి మాటకి సాక్ష్యం ఉండదు తమ్ముడూ, చెల్లెమ్మా.